కొత్త ఈవీ కారుకి ఇంట్లో ఛార్జింగ్: 15 ఆంప్స్ పాయింటా, వాల్ బాక్సా, వేరే మీటరా?

ఈవీ బుక్ చేసిన ప్రతి ఒక్కరూ ముందు అడిగేది ఒకటే, "3.3 కిలోవాట్ల ఛార్జర్ తీసుకోవాలా, 7.2ది తీసుకోవాలా" అని. నన్నడిగితే ఆ ప్రశ్న చివర్లో రావాలి. ముందు చూడాల్సింది వైరు, ఎర్తింగ్, మీటరు. ఎందుకంటే ఇంట్లో గీజర్ పావుగంట తిరిగి ఆగిపోతుంది, ఏసీ కంప్రెసర్ కాసేపు ఆన్ కాసేపు ఆఫ్, కానీ కారు మాత్రం రాత్రి పది గంటలకి పెడితే తెల్లారేదాకా ఆపకుండా ఫుల్ కరెంటు లాగుతూనే ఉంటుంది. ఇలా గంటల తరబడి ఏకధాటిగా లోడ్ తీసుకునే వస్తువు మన ఇళ్లల్లో ఇంతవరకు లేదు. గీజర్‌కి ఏళ్ల తరబడి బాగానే పనిచేసిన సాకెట్ వెనక స్క్రూ కొంచెం లూజుగా ఉంటే, కారు పెట్టినప్పుడు అదే మెల్లగా వేడెక్కి, ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, చివరికి కరుగుతుంది. ఈవీ ఛార్జింగ్‌లో ఇంటి వైపు వచ్చే సమస్యలు ఎక్కువగా ఇవే.

అందుకే ముందు ఎంపికకి కావాల్సిన లెక్కలు చెప్పి, తర్వాత ఒక్కో ఆప్షన్ చూద్దాం.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు అనేది. మన రోడ్ల మీద మామూలు డ్రైవింగ్‌లో యూనిట్‌కి 6 నుంచి 8 కిలోమీటర్లు వస్తాయి, ఛార్జింగ్‌లో ఓ పది శాతం దాకా వేడి రూపంలో పోతుంది అనుకోండి. అంటే రోజుకి 40 కిలోమీటర్లు ఆఫీసుకి వెళ్లొచ్చేవాళ్లకి సుమారు 7 యూనిట్లు చాలు, మామూలు 15 ఆంప్స్ పాయింట్ మీద అది రెండున్నర గంటల పని. 80 కిలోమీటర్లు తిరిగినా ఐదు గంటలే. చాలామంది "జీరో నుంచి ఫుల్ అవ్వడానికి 15 గంటలంట" అని భయపడి పెద్ద ఛార్జర్ వైపు వెళ్తారు, కానీ రోజూ జీరో దాకా ఎవరు తెస్తారు చెప్పండి.

రెండోది కారు ఎంత తీసుకోగలదు అనేది. ఇంటి కరెంటుతో చేసే ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) ఛార్జింగ్‌లో గోడ మీద ఉండే డబ్బా, అంటే వాల్ బాక్స్, నిజానికి ఛార్జర్ కాదు, కరెంటుని కారుకి సేఫ్‌గా అందించే స్విచ్ లాంటిది, అసలు ఛార్జర్ కారు లోపల ఉంటుంది. దాని కెపాసిటీ దాటి ఒక్క వాట్ కూడా ఎక్కదు. టియాగో ఈవీ 3.3 ఆప్షన్‌తోనూ 7.2 ఆప్షన్‌తోనూ వచ్చింది, నెక్సాన్ ఈవీ 7.2 తీసుకుంటుంది, క్రెటా ఎలక్ట్రిక్ 11 దాకా వెళ్తుంది, మహీంద్రా బీఈ 6కి 7.2, 11.2 రెండు ఆప్షన్లున్నాయి. 3.3 మాత్రమే తీసుకునే వేరియంట్ కొని ఇంట్లో 7.2 పెట్టిస్తే ఒక్క నిమిషం కూడా త్వరగా ఎక్కదు.

మూడోది కరెంటు బిల్లు మీద ఉండే కాంట్రాక్టెడ్ లోడ్, అంటే మీ కనెక్షన్‌కి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఒప్పుకున్న గరిష్ఠ లోడ్. పాత బిల్లు తీసి చూడండి, చాలా ఇళ్లకి 2, 3 కిలోవాట్లే ఉంటుంది, కానీ ఇంట్లో రెండు ఏసీలు, గీజర్ తిరుగుతూ ఉంటాయి. దాని మీద 7.2 పెడితే సర్వీస్ వైరు, మీటరు దగ్గర కటౌట్ (ఫ్యూజ్), అన్నీ వేడెక్కుతాయి. లోడ్ పెంచుకోవాలి, త్రీ ఫేజ్ కావాల్సి రావచ్చు, దానికి డిస్కంకి డెవలప్‌మెంట్ ఛార్జీలు కట్టాలి. ఛార్జర్ ధర ఒక్కటే చూసి బడ్జెట్ వేసుకుంటే ఈ ఖర్చు తర్వాత మీద పడుతుంది.

నాలుగోది మీటరు నుంచి పార్కింగ్ ఎంత దూరం. ఐదోది ఎర్తింగ్, దాని గురించి కింద విడిగా రాస్తా, ఎందుకంటే నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద విషయం అదే.

మూడు రకాలూ పక్కపక్కన

| | 15 ఆంప్స్ పాయింట్, పోర్టబుల్ ఛార్జర్ | 7.2 వాల్ బాక్స్ | 11 కిలోవాట్ల త్రీ ఫేజ్ |
|---|---|---|---|
| నిజంగా వచ్చే పవర్ | సుమారు 3 కిలోవాట్లు | 7 చిల్లర | 11 |
| కరెంటు | 13-15 ఆంప్స్ | 32 ఆంప్స్ | ఫేజ్‌కి 16 ఆంప్స్ |
| గంటకి ఎక్కే దూరం | 18-20 కి.మీ | 45 కి.మీ చుట్టుపక్కల | 70 కి.మీ చుట్టుపక్కల |
| 45 యూనిట్ల బ్యాటరీ 10 నుంచి 100 శాతం | 15 గంటలు | 6 గంటల పైన | 4 గంటలు |
| రాగి వైరు | 4 స్క్వేర్ ఎంఎం | 6, దూరం ఎక్కువైతే 10 | 4, ఐదు కోర్ల కేబుల్ |
| ఎంసీబీ (ఓవర్‌లోడ్ అయితే పడిపోయే స్విచ్) | 20 ఆంప్స్ | 40 ఆంప్స్ | 20 ఆంప్స్, నాలుగు పోల్స్ |
| ఇంటి లోడ్ | చాలాసార్లు కొద్దిగా పెంచితే చాలు | పెంచాల్సిందే | త్రీ ఫేజ్ తప్పదు |

15 ఆంప్స్ పాయింట్

దీన్ని చిన్నచూపు చూడకండి, రోజుకి 60-70 కిలోమీటర్ల లోపు తిరిగే ఇంటికి ఇదే సరిపోతుంది. కానీ "ఉన్న సాకెట్‌లో పెట్టేద్దాం" అంటే మాత్రం ఒప్పుకోను. బోర్డు నుంచి నేరుగా కారు కోసమే ఒక లైను లాగించాలి, మధ్యలో మోటారు, వాషింగ్ మెషిన్ ఏవీ ఉండకూడదు, దానికి సొంత ఎంసీబీ, సొంత ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపే స్విచ్) ఉండాలి. మామూలు మాడ్యులర్ సాకెట్ బదులు మెటల్ క్లాడ్ బాక్స్‌లో వచ్చే ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టిస్తే పిన్నులు గట్టిగా పట్టుకుంటాయి, వేడి తక్కువ. మీ పోర్టబుల్ ఛార్జర్‌కి ఏ ప్లగ్ వస్తుందో చూసి దానికి తగ్గ సాకెట్ తెప్పించండి. 5 ఆంప్స్ నుంచి 15 ఆంప్స్ కన్వర్టర్ పిన్నులు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు అసలు వద్దు, చుట్టగా చుట్టి పెట్టిన ఎక్స్‌టెన్షన్ వైరైతే ఇంకా ప్రమాదం, ఆ చుట్టలో వేడి బయటికి పోయే దారి ఉండదు.

కొన్ని కార్లలో గానీ ఛార్జర్ మీద గానీ కరెంటు తగ్గించుకునే సెట్టింగ్ ఉంటుంది. అత్తగారింటికో ఊరికో వెళ్లినప్పుడు అక్కడి వైరింగ్ ఎలాంటిదో తెలీదు కాబట్టి 10 ఆంప్స్‌కి పెట్టుకుని, అరగంట తర్వాత ప్లగ్ తీసి పిన్నుల మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చురుక్కుమంటే ఆపేయండి.

7.2 వాల్ బాక్స్

రోజుకి వంద దాటి తిరిగేవాళ్లు, 60-70 యూనిట్ల పెద్ద బ్యాటరీ ఉన్నవాళ్లు, ఇంట్లో రెండు ఈవీలు ఉన్నవాళ్లు, రాత్రి లేట్‌గా వచ్చి పొద్దున్నే విజయవాడో వైజాగో బయల్దేరాల్సిన పని తరచూ ఉండేవాళ్లు, వీళ్లకి ఇది అవసరం. ఇంకో మంచి విషయం, దీంట్లో త్రీ పిన్ ప్లగ్ అనేదే ఉండదు, వైరు నేరుగా టెర్మినల్స్‌కి బిగిస్తారు, కాబట్టి ప్లగ్ దగ్గర వేడెక్కే గొడవ పోతుంది. సేఫ్టీ పరంగా చూస్తే సరిగ్గా పెట్టించిన వాల్ బాక్స్ 15 ఆంప్స్ పాయింట్ కన్నా మెరుగే. చాలా బాక్సుల్లో కరెంటు లిమిట్ తగ్గించి పెట్టుకోవచ్చు, ఇప్పటికి 16 ఆంప్స్ మీద నడిపి లోడ్ పెంచుకున్నాక 32కి మార్చుకోవచ్చు.

కారుతో పాటు కంపెనీ వాల్ బాక్స్ ఇచ్చి ఇన్‌స్టలేషన్ ఫ్రీ అంటే, అందులో కేబుల్ ఎన్ని మీటర్ల వరకు ఫ్రీనో, ఎర్త్ పిట్ (ఎర్తింగ్ కోసం నేలలో తవ్వే గుంత) అందులో ఉందో లేదో, ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఎవరు తేవాలో బుకింగ్ అప్పుడే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

దూరం సంగతి ఇక్కడే చెప్పాలి. 32 ఆంప్స్ మీద 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు 20 మీటర్లు వెళ్తే సుమారు 5 వోల్టులు పడిపోతాయి, పర్లేదు. 40 మీటర్లు అయితే 9 వోల్టులు దాటుతుంది, అసలే ఎండాకాలం సాయంత్రం 205, 210 వోల్టులు వచ్చే కాలనీల్లో అది ఇబ్బందే. 10 స్క్వేర్ ఎంఎం వేస్తే అదే దూరానికి 6 లోపు ఉంటుంది. రేటు తక్కువని అల్యూమినియం వైరు వేస్తామంటే వద్దనండి, టెర్మినల్స్ దగ్గర అది కొన్నాళ్లకి వదులవుతుంది.

త్రీ ఫేజ్ ఇల్లైతే ఈ బాక్స్ ఏ ఫేజ్ మీద పెడుతున్నారో చూడండి. ఏసీలు, గీజర్లు ఉన్న ఫేజ్ మీదే కారు కూడా పెడితే ఒక ఫేజ్ అల్లాడిపోతుంది, మిగతా రెండూ ఖాళీగా ఉంటాయి.

11 కిలోవాట్ల గురించి ఎక్కువ రాయను. కారు తీసుకుంటుంది, ఇంటికి త్రీ ఫేజ్ ఇప్పటికే ఉంది అంటే పెట్టించుకోండి. దీనికోసమే త్రీ ఫేజ్ తీసుకోవడం మాత్రం చాలా ఇళ్లకి అనవసర ఖర్చు, రాత్రంతా నిలబడే కారుకి 4 గంటలకీ 6 గంటలకీ తేడా తెలీదు.

ఎర్తింగ్, ఆర్‌సీసీబీ: ఇక్కడ మాత్రం రాజీ వద్దు

ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే మంచి ఛార్జర్ ఏదైనా ఎర్త్ ఫాల్ట్ చూపించి ఆగిపోతుంది. అది దాని డ్యూటీ. అప్పుడు కొంతమంది ఎలక్ట్రీషియన్లు చేసే పని ఏంటంటే సాకెట్ లోపల న్యూట్రల్‌కీ ఎర్త్ పిన్నుకీ చిన్న వైరు ముక్క కలిపేస్తారు, ఛార్జర్ మీది లైటు గ్రీన్‌లోకి వస్తుంది, ఛార్జింగ్ మొదలవుతుంది, అందరూ హ్యాపీ. దయచేసి ఇది చెయ్యనివ్వకండి. ఎప్పుడైనా ఆ లైన్లో న్యూట్రల్ తెగితే కారు బాడీ మొత్తానికి 230 వోల్టులు వచ్చి కూర్చుంటాయి, తడి కాళ్లతో పిల్లలు డోర్ పట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

సరైన పని కారు కోసం మంచి ఎర్త్ పిట్ వేయించి, దాన్ని ఇంటి మెయిన్ ఎర్త్‌తో కలిపించడం. ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే 5 ఓమ్స్ లోపు రావాలని పట్టుబట్టండి, మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 2, 3 వోల్టుల కన్నా ఎక్కువ ఉండకూడదు, అది కూడా కారు ఛార్జ్ అవుతున్నప్పుడు చూడాలి, ఖాళీగా ఉన్నప్పుడు కాదు. హైదరాబాద్‌లో బంజారాహిల్స్, గచ్చిబౌలి లాంటి రాతి నేల ఉన్నచోట్ల రెండడుగుల కింద రాయి తగులుతుంది, ఒక్క రాడ్‌తో రీడింగ్ రాదు, రెండు మూడు పిట్లు వేసి కలపాల్సి వస్తుంది, లేదంటే బెంటొనైట్ అనే మట్టి పొడితో కెమికల్ ఎర్తింగ్ చేయించుకోవాలి. అక్కడే వానాకాలంలో వచ్చిన రీడింగ్ మే నెలలో ఉండదు, ఉప్పు, బొగ్గు వేసిన పాత పద్ధతి పిట్ అయితే వేసవిలో వారానికోసారి నీళ్లు పొయ్యండి. కోనసీమ లాంటి ఒండ్రుమట్టి నేలలో ఈ బాధ తక్కువ, ఈజీగా వస్తుంది. వైజాగ్‌లో సముద్రం దగ్గరుండేవాళ్లకి ఇంకో గొడవ, ఉప్పు ఇసుకలో జీఐ (జింక్ పూత ఇనుప) పైపు త్వరగా తుప్పు పడుతుంది, అక్కడ రాగి పూత రాడ్ మంచిది.

ఆర్‌సీసీబీ విషయం. ఎంసీబీ వైర్లని కాపాడుతుంది, మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ. షాపులో మామూలుగా ఇచ్చేది టైప్ ఏసీ అనే రకం, దాని మీద ఒక్క అలల గుర్తే ఉంటుంది. కారుకి కనీసం టైప్ ఏ కావాలి, అలల గుర్తు కింద సగం అలల గుర్తు కూడా ఉంటుంది చూడండి. కారు ఛార్జింగ్‌లో కొంచెం డీసీ (డైరెక్ట్ కరెంట్) లీకేజ్ వచ్చే అవకాశం ఉంది, అది వస్తే టైప్ ఏసీది మొద్దుబారిపోయి నిజంగా షాక్ కొట్టినప్పుడు పడదు. వాల్ బాక్స్ లోపలే 6 మిల్లీ ఆంప్స్ డీసీ లీకేజ్ డిటెక్షన్ ఉందా అని స్పెసిఫికేషన్‌లో చూడండి, ఉంటే బయట టైప్ ఏ చాలు, లేకపోతే టైప్ బీ కావాలి, అది బాగా ఖరీదు. కాబట్టి బాక్స్ కొనేటప్పుడే ఆ ఫీచర్ ఉన్నది తీసుకోవడం లాభం. ఇంకోటి, కారు లైను ఇంటి మొత్తానికి ఉన్న ఆర్‌సీసీబీ కింద నుంచి తీసుకోవద్దు, దానికి ముందు నుంచి విడిగా తీసుకోండి.

ఏప్రిల్, మే గాలివానల్లో పిడుగులు పడే ఊళ్లలో సర్జ్ ప్రొటెక్షన్ డివైస్ (ఒక్కసారిగా వచ్చే అధిక వోల్టేజీ నుంచి కాపాడేది) కూడా పెట్టిస్తే మంచిది, అది పనిచేయాలన్నా ఎర్తింగ్ బాగుండాలి.

ఇంటి మీటరా, ఈవీకి వేరే మీటరా

నెలకి 300 యూనిట్లు వాడే ఇంటికి కారు వల్ల ఇంకో 200 యూనిట్లు కలిశాయి అనుకుందాం, అంటే నెలకి 1,200 నుంచి 1,400 కిలోమీటర్లు. తెలంగాణ స్లాబుల్లో 301 నుంచి 400 దాకా యూనిట్ 9 రూపాయలు, ఆ పైన 9.50, కాబట్టి కారు వాటా 1,850 రూపాయలు. ఈవీ కేటగిరీలో యూనిట్ 6 రూపాయలు, అంటే 1,200. ఆంధ్రప్రదేశ్‌లో 226 నుంచి 400 దాకా 8.75, ఆ పైన 9.75, లెక్కేస్తే అక్కడా 1,850 వస్తుంది, ఈవీ రేటు 6.70 మీద అయితే 1,340. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు వీటికి అదనం. వేరే మీటరుకి కిలోవాట్ల లెక్కన నెలనెలా ఫిక్స్‌డ్ ఛార్జ్ పడేచోట తక్కువ తిరిగేవాళ్లకి మిగిలేది పెద్దగా ఉండదు. నెలకి 1,500 కిలోమీటర్లు దాటేవాళ్లకి, ఇప్పటికే పై స్లాబులో ఉన్న ఇళ్లకి మాత్రం వేరే మీటరు పనికొస్తుంది.

తెలంగాణలో గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లు ఇది తప్పక చూసుకోవాలి. 200 యూనిట్లు దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే, కారు ఇంటి మీటరు మీద పెడితే ఆ గీత దాటడం దాదాపు ఖాయం. అలాంటి ఇంటికి వేరే మీటరే కరెక్ట్.

సోలార్ ఉన్నవాళ్లకి లెక్క తిరగబడుతుంది. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది, ఆ ప్యానెళ్లు రోజుకి 12 యూనిట్ల దాకా ఇస్తాయి. నెట్ మీటర్ (వాడిన యూనిట్లలోంచి సోలార్ యూనిట్లు తీసేసి లెక్కేసేది) ఇంటి సర్వీసుకి ఉంటుంది కాబట్టి కారు కూడా అదే మీటరు మీద ఉంటేనే ఆ యూనిట్లు కారుకి కలిసొస్తాయి. ఈవీకి వేరే సర్వీసు తీసుకుంటే పైన ప్యానెళ్లున్నా కిందకి డబ్బులు కట్టాలి. సోలార్ ఉన్నా, ఏడాదిలో పెట్టే ఆలోచన ఉన్నా ఇంటి మీటరు మీదే ఉంచండి.

వేరే కనెక్షన్ ఇవ్వం అని ఎవరైనా అంటే, 2024 ఫిబ్రవరిలో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల్లో ఈవీ ఛార్జింగ్‌కి విడి కనెక్షన్ అడిగే హక్కు స్పష్టంగా ఉంది, ఆ మాట అప్లికేషన్‌లో రాయండి. ఊళ్లల్లో పొలం మోటారు సర్వీసు నుంచి కారుకి లైను లాగడం మాత్రం వద్దు, విద్యుత్ చట్టం 126 సెక్షన్ కింద పెనాల్టీ పడుతుంది, పైగా అక్కడ వోల్టేజీ కారుకి పనికొచ్చేలా ఉండదు.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు

ఇక్కడ ఛార్జర్ కన్నా అసోసియేషన్‌తో మాట్లాడటమే పెద్ద పని. మీ ఫ్లాట్ మీటరు ప్యానెల్ రూమ్‌లో ఉంటే అక్కడి నుంచి మీ స్లాట్‌కి సొంత కేబుల్ లాక్కోవడం అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి, ఎవరి యూనిట్లు వాళ్ల బిల్లులో వస్తాయి. కేబుల్ ట్రేలో గానీ గట్టి కాండ్యూట్ (పైపు)లో గానీ వెళ్లాలి, సీలింగ్‌కి టేపులేసి వేలాడదీస్తే మిగతావాళ్లు అభ్యంతరం చెప్పడంలో న్యాయం ఉంది. రెండో పద్ధతి కామన్ మీటరు మీద యాప్‌తో నడిచే స్మార్ట్ సాకెట్లు, నలుగురైదుగురు వాడుకోవచ్చు, కానీ కామన్ సర్వీసు రేటు, యాప్ వాళ్ల కమీషన్ కలిపి యూనిట్ ఎంత పడుతుందో ముందే తేల్చుకోండి.

అసోసియేషన్ వాళ్లకి ఒక మాట. ఇవాళ ఒక్కరికి 7.2 ఇచ్చేస్తే రేపు పదిమంది అడుగుతారు, పది ఏడులు డెబ్బై కిలోవాట్లు, చాలా అపార్ట్‌మెంట్ల ట్రాన్స్‌ఫార్మర్ ఆ లోడ్‌కి వేసింది కాదు. స్లాట్‌కి 3.3 చొప్పున అందరికీ ఒకే ప్లాన్ వేసుకోవడం, లేదంటే లోడ్ పంచుకునే ఛార్జర్లు పెట్టుకోవడం మేలు. మొదటి కారు వచ్చినప్పుడే ఈ ప్లాన్ వేసుకుంటే నాలుగో కారు దగ్గర గొడవ రాదు. సెల్లార్‌లో అయితే బాక్స్ నేల నుంచి నాలుగడుగుల పైనే ఉండాలి, వానకి సెల్లార్లు మునగడం హైదరాబాద్‌లో మనం చూస్తున్నదే, అలాంటప్పుడు మెయిన్ ఆపే స్విచ్ నీళ్లలోకి దిగకుండా అందేచోట ఉండాలి. డీజిల్ జనరేటర్ పక్కన, మీటర్ ప్యానెల్ పక్కన ఛార్జింగ్ స్లాట్ పెట్టొద్దు.

అద్దెకుండేవాళ్లు వాల్ బాక్స్ జోలికి వెళ్లకుండా ఓనర్‌తో మాట్లాడి 15 ఆంప్స్ లైను, ఎర్త్ పిట్ వేయించుకోండి. ఇల్లు మారినప్పుడు పోర్టబుల్ ఛార్జర్ మీతో వస్తుంది, లైను ఓనర్‌కి ఉంటుంది, ఖర్చు సగం సగం అంటే చాలామంది ఒప్పుకుంటారు.

పని అయ్యాక ఎలక్ట్రీషియన్‌ని పంపించే ముందు

కారు పెట్టి ఒక గంట ఫుల్ కరెంటు మీద నడిపించండి, ఆయన అక్కడే ఉండాలి. గంట తర్వాత ఎంసీబీ, సాకెట్, మీటరు దగ్గర జాయింట్లు వేడి చూడమనండి. వోల్టేజీ ఛార్జింగ్ మొదలవ్వకముందు ఎంత, నడుస్తున్నప్పుడు ఎంత అని రాసుకోండి, పది వోల్టుల కన్నా ఎక్కువ పడితే వైరు గానీ జాయింట్ గానీ తేడా ఉన్నట్టే. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే ఠక్కున పడాలి, ఆ బటన్ తర్వాత కూడా నెలకోసారి మీరే నొక్కి చూసుకోండి. ఎర్త్ రీడింగ్ తేదీతో సహా బిల్లు మీద రాయించుకోండి, వచ్చే ఏడాది మే నెలలో మళ్లీ కొలిపించి ఆ నంబరుతో పోల్చి చూడాలి. టెర్మినల్ స్క్రూలు ఆరునెలలకోసారి మెయిన్ ఆపించి బిగించమనండి. ఇన్వర్టర్ లైన్లోకి కారు పాయింట్ కలవలేదని కూడా అప్పుడే మెయిన్ ఆపి చెక్ చేసుకోండి, మెయిన్ ఆపినా సాకెట్లో కరెంటు వస్తుంటే అది ఇన్వర్టర్ మీద ఉన్నట్టు, వెంటనే విడదీయించాలి.